వల పట్టే చోటు అడిగేవాళ్ల గురించి: డెల్టా తీరం బోటు సంఘాలకు బహిరంగ లేఖ

కాకినాడ ఏటిమొగ నుంచి భైరవపాలెం, బలుసుతిప్ప, ఓడలరేవు, అంతర్వేది పల్లిపాలెం దాకా ఉన్న బోటు యజమానుల సంఘాలకు, మత్స్యకార సహకార సంఘాలకు, బోటు నడిపే సరంగులకు నమస్కారం.

మీలో ప్రతి సరంగు దగ్గరా ఒక చిట్టా ఉంటుంది. కొందరికి పాత నోటు పుస్తకంలో, కొందరికి జీపీఎస్ మెషీన్‌లో, కొందరికి ఫోన్‌లో. అడుగున దేనికో వల పట్టేసిన చోట్ల జాబితా అది. ట్రాల్ వల చిరిగి, వల నోరు తెరిచి ఉంచే బోర్డు ఒకటి అడుగునే ఉండిపోయి, రోజంతా వేట పోగొట్టుకుని సంపాదించిన అంకెలు. ఇప్పుడు ఆ అంకెలకు గిరాకీ వచ్చింది. "కింద యుద్ధకాలం ఓడ ఉందట, దించి తీసుకొస్తావా, రోజు కిరాయి ఇస్తాం" అని గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగే స్కూబా చేసేవాళ్లు అడుగుతున్నారు. ఇత్తడి కోసం వచ్చే పాత సామాను వ్యాపారులూ అదే చోటు అడుగుతారు, మాట మాత్రం వేరేగా ఉంటుంది.

మేం స్కూబా చేసేవాళ్లం, నేర్పేవాళ్లం. ఓడ దగ్గరికి దిగడం తప్పని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. కింద రాసినవన్నీ కుదిరితేనే మనిషిని దించండి, ఒక్కటి కుదరకపోయినా బోటు తిప్పుకుని వచ్చేయండి. కిరాయి ఇచ్చేవాడికి దిగాలనే ఆత్రం ఉంటుంది. 'ఇవాళ వద్దు' అనగలిగేది స్టీరింగ్ దగ్గర ఉన్న మనిషే.

ముందు ఆ ఓడ సంగతి. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీద నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే జపాన్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడలను ముంచింది. ఈ చరిత్ర నిజం. దాంతో మన తీరంలో వల పట్టిన ప్రతి చోటికీ 'జపాన్ వాడు ముంచిన ఓడ' అనే పేరు అంటుకుంటోంది. అది తుపానుకు పోయిన బార్జి కావచ్చు, పాత ట్రాలరు కావచ్చు, తెగిపోయిన లంగరు గొలుసు కావచ్చు. చమురు, గ్యాసు కంపెనీల గొట్టం కూడా కావచ్చు. ఆ కంపెనీల ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం ఉంటుంది, అందులోకి మనిషిని దించే మాటే వద్దు. కింద ఉన్నది ఏమిటో తేలేదాకా 'యుద్ధపు ఓడ' అని కిరాయి మాట్లాడకండి.

తేల్చుకోవడం మొదట అంకెల దగ్గరే తప్పుతుంది. మీ జీపీఎస్ మెషీన్ 16°30.500 అని డిగ్రీలు, నిమిషాలలో చూపిస్తుంది. ఫోన్ మ్యాపు 16.50833 అని డిగ్రీలలోనే చూపిస్తుంది. రెండూ ఒకే చోటు. మొదటి అంకెను ఎవరైనా 16.305 అని ఫోన్‌లో కొడితే చోటు 22 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఏ పద్ధతి అంకెలో కూడా రాయండి. చోటికి చేరాక ఒక్కసారి మీదుగా వెళ్లి 'ఇదే' అనేయకండి. రెండు మూడు నాట్ల వేగంతో ఉత్తర దక్షిణాలుగా కొన్ని గీతలు, తర్వాత తూర్పు పడమరలుగా కొన్ని గీతలు, గీతకూ గీతకూ మధ్య 20 మీటర్లు ఉండేలా తిరగండి. లోతు చూపే ఎకో సౌండర్ తెర మీద చదునుగా వచ్చే బురద గీత ఒకచోట గోడలా లేచి, కాస్త దూరం సాగి, అంతే నిటారుగా పడిపోతే అది మనుషులు కట్టిన వస్తువే అయ్యే అవకాశం ఎక్కువ. దాని నెత్తిన చేపల మబ్బు కూడా కనిపిస్తుంది. బండ అయితే అంచులు వాలుగా ఉంటాయి. అన్నిటికంటే తక్కువ లోతు ఎంత, చుట్టూ అడుగు లోతు ఎంత, రెండూ రాసుకోండి. మనిషిని దించాలా వద్దా అన్నది రెండో అంకెను బట్టే. గోదావరి ముఖాల బయట కాస్త దూరం పోగానే లోతు ఒక్కసారిగా పడిపోతుందని మీకు తెలుసు. ఓడ ఒక కొస 28 మీటర్లలో ఉండి రెండో కొస 45లో ఉండొచ్చు. సరదాగా దిగేవాళ్లకు ఎంత శిక్షణ ఉన్నా 40 మీటర్లే హద్దు. మొదటి శిక్షణ కార్డు మాత్రమే ఉన్నవాడికి 18. కార్డు లేకుండా 'ఒకసారి చూపించండి' అని వచ్చినవాడికి మునిగిన ఓడ దగ్గర పనే లేదు.

ఇక నీరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దిగువకు వచ్చే వరద నీరు సముద్రాన్ని ఎర్రగా చేస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లవి. మిగిలేది జనవరి చివర నుంచి ఏప్రిల్ 14 దాకా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ 61 రోజుల్లో మనుషులను ఎక్కించుకుని బోటు తీయాలంటే మత్స్యశాఖ అనుమతి కాగితం మీద ఉండాలి. నీరు తేటగా ఉండే ఆ రెండున్నర నెలలూ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే కాలం కూడా. హోప్ ఐలాండ్ దగ్గర వేగం తగ్గించాలని మీకు మేం చెప్పనక్కర్లేదు.

పైన నీలంగా ఉందని కింద కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. డెల్టా అడుగున ఒండ్రు మెత్తగా, పిండిలా ఉంటుంది. పోటు పాటు బలంగా ఉన్న రోజుల్లో అడుగు నుంచి రెండు మూడు మీటర్ల మందాన మురికి పొర లేచి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర వద్దు. అష్టమి, నవమి దగ్గర నీరు మందకొడిగా ఉంటుంది, అది కూడా పోటు పాటుగా మారే మధ్య కాసేపే. ఆ కాసేపటికి చోటు మీద సిద్ధంగా ఉండాలంటే గంట ముందే చేరాలి. డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. జానెడు వెడల్పున్న తెల్ల పళ్లానికి తాడు కట్టి, మీటరు మీటరుకు ముడి వేసి, నీడ పడే వైపు దింపండి. ఐదు మీటర్ల లోపే కళ్లకు ఆనకపోతే ఆ రోజుకు అంతే. ఆనితే తర్వాత బరువు కట్టిన కెమెరాను లైటుతో సహా అడుగుదాకా దింపి, పైకి లాగి, బోటులోనే చూడండి. కింద కనిపించేది బూడిదరంగు తెర ఒక్కటే అయితే మనిషి దిగినా చూసేది అదే.

వరద తగ్గిన కొత్తలో ఇంకో చిక్కు ఉంటుంది. పైన రెండు మూడు మీటర్లు ఏటి నీరు, కింద ఉప్పునీరు. ఉప్పునీరు మంచినీటికంటే రెండున్నర శాతం దాకా బరువు. సామానుతో సహా 100 కిలోలుండే డైవరు ఉప్పునీటిలో తూకం సరిచూసుకుని దిగితే, పైకి వచ్చేటప్పుడు ఏటి నీటి పొరలోకి రాగానే రెండు కిలోల సీసం అదనంగా కట్టినట్టవుతుంది. పైకి చేరాననుకుని, తేలడానికి కట్టుకున్న గాలి సంచీ ఖాళీ చేసినవాడు మళ్లీ కిందికి జారతాడు. నది కలవని తీరాల్లో దిగిన అనుభవం ఎంత ఉన్నా ఈ సంగతి తట్టదు. గుర్తుచేయండి.

గాలి లెక్క మీకెందుకు అనుకోకండి. బోటు మీద గడియారం పట్టుకుని నిలబడేది మీ మనిషే. మీకు లోతు బారల్లో అలవాటు, వాళ్లకు ఒత్తిడి బార్లలో. బార వేరు, బార్ వేరు. 30 మీటర్లు అంటే పదహారు, పదిహేడు బారలు. ఆ లోతులో ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు, కాబట్టి ప్రతి శ్వాసకూ నాలుగింతల గాలి ఖర్చు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 80 లీటర్లు పీలుస్తాడు. మామూలు అల్యూమినియం సిలిండరు 11 లీటర్లది, 200 బార్లకు నింపితే 2,200 లీటర్లు.

ఇందులో మొదట పక్కన పెట్టాల్సింది ఇద్దరు పైకి రావడానికి కావాల్సిన గాలి. ఒకడికి సిలిండరు గాలి నోటికి అందించే రెగ్యులేటరు పాడైతే రెండోవాడి సిలిండరు మీదే ఇద్దరూ రావాలి. భయంలో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుందాం, ఇద్దరికి 60. అడుగున సర్దుకోవడానికి ఒక నిమిషం, 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి మూడు నిమిషాలు, దాదాపు 500. 5 మీటర్ల దగ్గర జాగ్రత్తకోసం మూడు నిమిషాలు ఆగడానికి 270. అక్కడి నుంచి పైకి ఇంకో 75. మొత్తం 1,080 లీటర్లు దాటింది, అంటే సిలిండరులో 100 బార్లు. సగం సిలిండరు దిగకముందే ఖర్చు రాసేసినట్టు! మిగిలిన 100 బార్లు 1,100 లీటర్లు, నిమిషానికి 80 చొప్పున పద్నాలుగు నిమిషాలకు కూడా రాదు, అందులోనే దిగడానికి పట్టే సమయం కూడా. 30 మీటర్లలో మామూలు గాలితో తప్పనిసరిగా ఆగి ఆగి పైకి రావాల్సిన అవసరం లేకుండా ఉండగలిగే సమయం పట్టికల ప్రకారం సుమారు 20 నిమిషాలు. ఈ సిలిండరుతో గాలి అంతకంటే ముందే అయిపోతుంది. 'ఇరవై నిమిషాలు ఉంటాం' అని చెప్పేవాడిని సిలిండరు ఎన్ని లీటర్లదని అడగండి. ఆక్సిజన్ 32 శాతం కలిపిన నైట్రాక్స్ తెచ్చుకున్నామంటే సమయం పెరుగుతుంది గానీ గాలి పెరగదు. పైగా దానితో 33 మీటర్లు దాటితే ఆక్సిజనే విషమై మూర్ఛ రావచ్చు.

సిలిండర్లు ఎక్కడ నింపారో కూడా అడగాలి. పంక్చర్ షాపు కంప్రెషరుకు పొడవాటి గొట్టం తగిలించి దిగే పద్ధతి పాత ఇనుము కోసం దిగేవాళ్లలో ఉంది. దాని గాలిలో నూనె తుంపర ఉంటుంది, పక్కనే డీజిల్ ఇంజను నడుస్తుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి వాసన ఉండదు. పైన తలనొప్పిగా అనిపించేది లోతులో ఒత్తిడికి స్పృహ తప్పిస్తుంది. గొట్టం తెచ్చినవాడిని బోటు ఎక్కనివ్వకండి.

ఇప్పుడు బురద, వల. షార్కులు ఉంటాయా అని అడిగేవాళ్లుంటారు. డెల్టా ఓడల దగ్గర ప్రాణం తీసేవి ఈ రెండే.

ఓడ పక్కన సముద్రపు నేలకు ఒక్క అడుగు ఎత్తులో ఈదుతున్న మనిషి రెక్కల చెప్పులతో మామూలుగా కిందికి ఒక్క తాపు తంతే చాలు. మొదట చీలమండ దగ్గర పాలు విరిగినట్టు ఒక పొగ లేస్తుంది. రెండో తాపుకు అది మోకాళ్ల దాకా వస్తుంది. మూడో తాపుకు చేతిలోని టార్చి వెలుగు పొగమంచులో లారీ హెడ్‌లైటులా ఎదురుగానే ఆగిపోయి, తన గేజి తనకే కనిపించదు. ఆ ఒండ్రు మళ్లీ కిందికి కూర్చోవడానికి నీటి కదలికను బట్టి గంటలు పడుతుంది. ఓడ లోపలైతే తన్నకపోయినా తప్పదు. పైకి పోయే బుడగలు తగిలి పైకప్పు తుప్పు రాలుతుంది. అందుకే కప్పలా పక్కలకు తన్నడం వచ్చినవాళ్లనే దించాలి. నీటిలోకి దిగగానే 5 మీటర్ల దగ్గర ఒక నిమిషం కదలకుండా నిలబడి చూపించమనండి. చేతులు ఆడించకుండా నిలబడలేనివాడు అడుగు దగ్గర బురద రేపుతాడు.

వల సంగతి మీకు మాకంటే బాగా తెలుసు. తెగి ఓడకు చుట్టుకున్న నైలాన్ వల ఏళ్ల తరబడి చేపలు పడుతూనే ఉంటుంది. సన్న కన్ను వల నీటిలో కనిపించదు. సిలిండరు మీది నాబు, చెప్పుల పట్టీ, టార్చి తాడు, ఏది తగిలినా పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు తిరిగి చూడటం పెద్ద తప్పు, తిరిగిన కొద్దీ చుట్టుకుంటుంది. ఆగాలి, వచ్చిన దారినే ఒక అడుగు వెనక్కి జరగాలి, జోడీ వచ్చి కోయాలి. పెద్ద కత్తి ఇక్కడ పనికిరాదు, వల సాగి తప్పించుకుంటుంది. లోపలికి బ్లేడు ఉన్న చిన్న లైన్ కట్టర్ ఒకటి, ఆసుపత్రుల్లో బట్టలు కోసే మొద్దు మొన కత్తెర ఒకటి, రెండూ చేతికి అందే చోట వేరువేరుగా ఉండాలి. ఏ ఓడకు ఏ వల, ఎటువైపు చుట్టుకుని ఉందో మీ చిట్టాలో ఉంటే దిగేముందు చెప్పండి. ఆ ఒక్క మాట మా శిక్షణంతటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

లోపలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి. తాడు చుట్ట పట్టుకుని వెళ్తాం, గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు ఉంచుకుంటాం అంటారు. ఆ సూత్రం మంచిదే, కానీ పైకప్పు నిలబడి ఉన్న చోట. సముద్రపు నీటిలో ఉక్కు ఏడాదికి ఒక్కో వైపు నుంచి సుమారు 0.1 మిల్లీమీటరు తుప్పు పడుతుంది. రేకు రెండు వైపులా నీరే కాబట్టి 80 ఏళ్లలో 16 మిల్లీమీటర్లు. ఆ కాలపు సరుకు ఓడలకు చాలా చోట్ల రేకు మందమే అంత. పైన పేరుకున్న గుల్లల వల్ల నిలబడినట్టు కనిపిస్తుంది, చెయ్యి వేస్తే ఊడుతుంది.

కాబట్టి లంగరు ఓడ మీద వేయకూడదు. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును కాకినాడ నుంచి వెళ్లిన బృందం లంగర్లు, ఇనప తాళ్లు తగిలించి పైకి లాగింది. ఆ పనితనం చూసినవాళ్లకు ఓడకు కొక్కెం తగిలించడం పెద్ద విషయం అనిపించదు. పైకి తీయాల్సిన బోటుకు అది సరే. చూసి రావాల్సిన ఓడకు అదే చావు. ఎర్రసముద్రంలో 1941లో మునిగిన థిసిల్‌గార్మ్ అనే బ్రిటిష్ ఓడ 30 మీటర్లలో ఉంది, లోకమంతటి నుంచీ డైవర్లు వెళ్తారు. దాన్ని ఎక్కువగా పాడుచేసింది సముద్రం కాదు, దాని కమ్ములకే తాళ్లు కట్టుకుని గుంజుకున్న డైవ్ బోట్లు. ఇక్కడ 25, 30 కిలోల సిమెంటు దిమ్మకు 12 మిల్లీమీటర్ల తాడు కట్టి, ఓడకు కొన్ని మీటర్ల పక్కన, నీరు వచ్చే వైపు వదలండి. తాడు లోతుకంటే కొంచెమే ఎక్కువ ఉండాలి, వదులుగా ఉంటే చుట్టుకుంటుంది. పైన పెద్ద బెండు. బోటును దానికి కట్టకండి, ఇంజను నడుపుతూ దగ్గర్లో ఉండండి.

మనుషులు నీటిలో ఉన్నంతసేపూ ఒకడి పని చూడటమే. ఫోనులో కాదు, నీటి వైపు. తాడు దొరకని డైవరు ఆరడుగుల నారింజ రంగు గొట్టంలో గాలి నింపి పైకి వదులుతాడు. అది తప్పిపోయిన బెండు కాదు, దాని కింద మనిషి ఉన్నాడు, మెల్లగా జరుగుతుంటాడు. ఇంజను ఆపకుండా దూరంగా వెంట వెళ్లండి, పైకి వచ్చి చేతితో సరే అని సైగ చేశాక న్యూట్రల్‌లో పెట్టి, గాలివాటుగా దగ్గరికి చేరండి. ఫ్యాను తిరుగుతుండగా మనిషి దగ్గరికి తేవద్దు. డైవర్లు నీటిలో ఉన్నారని చెప్పే నీలం తెలుపు జెండా కట్టినా పక్క ట్రాలరు దాన్ని గుర్తించకపోవచ్చు, వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానెల్లో ముందే చెప్పండి. మన బోట్ల అంచు ఎత్తు. పాతిక కిలోల సామానుతో మనిషి ఎక్కలేడు, నీటిలోకి మీటరు దిగే ఇనప నిచ్చెన ఉండాలి, సామాను ముందు తాడుతో లాగేయాలి.

దిగినవాళ్ల పేర్లు పలక మీద రాసి, ఎక్కాక ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్లే పలికాక కొట్టేయండి. తలలు లెక్కపెట్టడం చాలదు. 1998లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇద్దరిని నీటిలోనే వదిలేసి ఒక బోటు ఒడ్డుకు వచ్చేసింది. రెండు రోజుల తర్వాత గాని ఎవరికీ తెలియలేదు.

పైకి వచ్చాక కీళ్ల నొప్పి, దురద, తిమ్మిరి, తల తిరగడం, నడకలో తడబాటు, వీటిలో ఏది కనిపించినా 'అలసట' అని వదిలేయకండి. లోతు ఒత్తిడి నుంచి పైకి రావడం వల్ల వచ్చే డైవర్ల జబ్బు కావచ్చు, అది ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, బిగుతుగా ఉండే మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇవ్వాలి. స్పృహలో ఉంటే నీళ్లు తాగించాలి. మళ్లీ నీటిలోకి దించి తగ్గించాలని చూడకూడదు. మద్యం చుక్క కూడా వద్దు. కోస్ట్ గార్డ్ 1554కు ఫోను చేయండి. ఒడ్డుకు చేరడానికి ఎంత సమయం పడుతుందో అంతకు సరిపడా ఆక్సిజన్ బోటులో ఉందా అన్నది బయల్దేరే ముందు చూడాల్సిన లెక్క. మూడు గంటలు పట్టే చోటికి 2,700 లీటర్లు కావాలి, చిన్న సిలిండరు ఒకటి దానికి ఏ మూలకూ చాలదు.

బాంబు, గుండు, తుపాకీ మందు పుల్లలు కనిపిస్తే ముట్టకూడదు. 80 ఏళ్లయింది కదా అని చచ్చిపోవు, కొన్ని మందులు లోహంతో కలిసి ఇంకా సున్నితమవుతాయి. లండన్ దగ్గర థేమ్స్ ముఖంలో 1944లో మునిగిన రిచర్డ్ మాంట్‌గోమరీ ఓడలో ఇంకా 1,400 టన్నుల పేలుడు సామాను ఉంది, దాని దగ్గరికి నేటికీ ఎవరినీ రానివ్వరు. మీ వలలోనే అలాంటిది వస్తే, నీటిలో ఉండగానే తెలిస్తే వల కోసి వదిలి చోటు రాసుకోండి. బోటు మీదికి వచ్చేస్తే తడి గోనెలు కప్పి, దొర్లకుండా అడ్డు పెట్టి, ఇంజనుకు దూరంగా ఉంచి, రేవులోకి రాకముందే 1554కు చెప్పండి.

ఇత్తడి, గంటలు, ఎముకలు ఏవీ పైకి రాకూడదు. మునిగిన ఓడ సామాను దొరికితే రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి చెప్పాలని మర్చంట్ షిప్పింగ్ చట్టమే అంటోంది. యుద్ధనౌక అయితే అది ఏ దేశానిదో ఆ దేశానిదే. 1971 డిసెంబరులో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో 93 మంది ఉన్నారు. ఎవరి పిల్లలైనా అది సమాధే. జావా సముద్రంలో డచ్చి యుద్ధనౌకలు రెండు పూర్తిగా, మూడోది చాలావరకు అడుగు నుంచి మాయమైనట్టు 2016లో బయటపడింది, ఇనుము కోసం కోసుకుపోయారు.

ఓడరేవు అధికారులకు, కోస్ట్ గార్డ్‌కు, పర్యాటక శాఖకు కూడా ఇందులోనే ఒక మాట. టికెట్టు పెట్టే ముందు చేయాల్సినవి మూడున్నాయి. సరంగుల చిట్టాలోని చోట్లను సోనార్‌తో సర్వే చేయించి నాటికల్ చార్టులోకి ఎక్కించండి. దిగడానికి పనికొచ్చే ఓడ పక్కన, దాని మీద కాదు, శాశ్వత బోయా ఒకటి వేయండి. డైవర్ల జబ్బుకు చికిత్స చేసే ఒత్తిడి చాంబర్‌లో కాకినాడ నుంచి వచ్చే రోగిని రాత్రీ పగలూ చేర్చుకునే చోటు ఏదో రాతపూర్వకంగా చెప్పండి. చేపల వేటకని రిజిస్టరైన బోటు ప్రయాణికుల బోటు కాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పట్టుకునేది ఆ ముక్కే, మోసేది బోటు యజమాని. డైవర్లను తీసుకెళ్లే బోట్లకు వేరే అనుమతి, వేరే బీమా ఏర్పాటయ్యేదాకా ఏ సంఘమూ ఈ కిరాయికి ఒప్పుకోనక్కర్లేదు.

సంఘాలు కోరితే జనవరిలో నీరు తేరుకున్నాక మేం వస్తాం. మొదటి వారం మనిషి ఎవరూ దిగరు. పళ్లెం, తాడు, కెమెరా, మీ ఎకో సౌండర్, మీ చిట్టా చాలు. ఏ చోట ఏముందో మీ సరంగుల ఎదుటే తెర మీద చూసి, పనికిరాని చోట్లను అక్కడికక్కడే కొట్టేద్దాం.

డెల్టా తీరంలో స్కూబా చేసేవాళ్లం, నేర్పేవాళ్లం